నార్కాన్ స్ప్రే కొనడం, దగ్గర ఉంచుకోవడం, వాడటం: అమెరికాలోని తెలుగు ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

మా హాల్లో బీపీ మిషను పక్కనే ఒక చిన్న అట్టపెట్టె ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి, జలుబు స్ప్రే అనుకుంటారు. నార్కాన్ అని, డ్రగ్ ఓవర్‌డోస్ అయినవాళ్లకు వేసే మందు అని చెప్పగానే మాట ఆగిపోతుంది. మీ ఇంట్లో ఎవరికి అలవాటు అని నోటితో అడగరు, చూపుతో అడుగుతారు. ఎవరికీ లేదు. అయినా పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

ఈ మందుకు ఒక గుణం ఉంది. షుగర్ పడిపోతే మనిషి తనే ఒక చాక్లెట్ నోట్లో వేసుకోవచ్చు. ఆయాసం వస్తే ఇన్‌హేలర్ తనే పీల్చుకోవచ్చు. ఓవర్‌డోస్ అయిన మనిషి తన మందు తను వేసుకోలేడు. అవసరం పడే సమయానికి అతనికి స్పృహ ఉండదు. జేబులో పెట్టె ఉన్నా చెయ్యి లేవదు. కాబట్టి ఆ మందు పక్కనున్న మనిషి దగ్గర ఉండాలి. ఆ పక్కనున్న మనిషి రూమ్మేట్ కావచ్చు, తల్లి కావచ్చు, గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడ్డ మన కుర్రాడు కావచ్చు.

అసలు ఏం జరుగుతుంది

గసగసాల మొక్క కాయలోంచి కారే పాలు ఎండితే నల్లమందు. దాని నుంచి వచ్చినవి మార్ఫిన్, కొడీన్. వాటి దారిలోనే తయారైనవి హెరాయిన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, ట్రమడాల్, ఫెంటనిల్. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. నొప్పిని చంపుతాయి, హాయినిస్తాయి. మోతాదు మించితే మెదడులో శ్వాసను నడిపించే భాగాన్ని మందగింపజేస్తాయి. చావు వచ్చేది అక్కడే. గుండె ముందు ఆగదు, ఊపిరి ముందు ఆగుతుంది. ఊపిరి ఆగిన కొన్ని నిమిషాలకు మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఈ మధ్యలో ఉన్న ఆ కొన్ని నిమిషాలే మన చేతిలో ఉన్నవి.

ఇప్పుడు అమెరికాలో ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది ఫెంటనిల్. ఆపరేషన్ థియేటర్లలో దశాబ్దాలుగా వాడే మంచి మందే అది. కానీ మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు, హెరాయిన్ కంటే సుమారు 50 రెట్లు బలమైనది. రెండు మిల్లీగ్రాములు, అంటే చిటికెడు ఉప్పులో పది పదిహేను గింజలంత, అలవాటు లేని మనిషిని చంపడానికి సరిపోవచ్చు. దొంగ మిల్లుల్లో దాన్ని పొడిగా కలిపి, అచ్చం ఆందోళనకు వాడే జానాక్స్, నొప్పికి వాడే పెర్కొసెట్, ఏకాగ్రతకు వాడే యాడెరాల్ మాత్రల్లా అచ్చు కొడుతున్నారు. పట్టుబడిన నకిలీ మాత్రల్లో, 2023లో పరీక్షించినవాటిలో ప్రతి పదింటిలో ఏడింట ప్రాణాంతకం కాగల మోతాదు ఉందని అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ డీఈఏ చెప్పింది. 2024లో అది పదింటిలో ఐదు.

ఈ మాత్రల సంగతే మన ఇళ్లకు నేరుగా తగులుతుంది. మన పిల్లలు సూదులు పొడుచుకునేవాళ్లు కాదని తల్లిదండ్రులు అంటారు. నిజమే కావచ్చు. కానీ పరీక్ష ముందు రాత్రి మెలకువగా ఉండటానికి ఒక యాడెరాల్, టెన్షన్ తగ్గడానికి ఒక జానాక్స్, స్నాప్‌చాట్‌లో ఎవరో ఇస్తామంటే తీసుకునే పిల్లలు వేరే జాతివాళ్లేమీ కాదు. ఆ పిల్లవాడు ఫెంటనిల్ కొనలేదు. అతనికి తెలియకుండా అది వచ్చింది.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో డ్రగ్ ఓవర్‌డోస్‌తో సుమారు 1,05,000 మంది చనిపోయారు, వాళ్లలో దాదాపు 79,000 మరణాల్లో ఓపియాయిడ్లు ఉన్నాయి. 2024లో మొత్తం సంఖ్య సుమారు 80,000కు తగ్గింది. తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి, నార్కాన్‌లో ఉండే మందు నాలోక్సోన్‌ను ఊరూరా పంచడం వాటిలో ఒకటని వైద్యులు అంటున్నారు. తగ్గాక కూడా ఇది ఒక పట్టణమంత జనం.

నాలోక్సోన్ ఏం చేస్తుంది

నార్కాన్ అనేది బ్రాండ్ పేరు, లోపలి మందు పేరు నాలోక్సోన్. అది పనిచేసే తీరును నేను మా అమ్మకు ఆర్టీసీ బస్సు లెక్కన చెప్పాను. మెదడులో ఓపియాయిడ్లు కూర్చునే సీట్లు కొన్ని ఉంటాయి. అవి కూర్చుంటేనే మత్తు, కూర్చుంటేనే ఊపిరి మందగించడం. నాలోక్సోన్ వచ్చి వాటిని సీట్లోంచి లేపేసి, తన కర్చీఫ్ వేసేస్తుంది. తను మాత్రం ఏ మత్తూ ఇవ్వదు, ఊరికే సీటు ఆపుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది.

కానీ లేపిన ప్రయాణికుడు బస్సు దిగిపోలేదు, నడవలో నిలబడే ఉన్నాడు. నాలోక్సోన్ 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది. అప్పటికి ఒంట్లో ఓపియాయిడ్ మిగిలి ఉంటే మళ్లీ అదే సీట్లో కూర్చుంటుంది, ఊపిరి మళ్లీ ఆగవచ్చు. లేచి కూర్చున్నాడు కదా, ఇంక 911 ఎందుకని అనుకోకూడదని చెప్పేది ఇందుకే.

ఒంట్లో ఓపియాయిడ్ లేని మనిషికి నాలోక్సోన్ వేస్తే ఏమీ జరగదు. మద్యం ఎక్కువై పడిపోయినవాడికో, షుగర్ పడిపోయినవాడికో పొరపాటున వేసినా ఆ మందు వల్ల హాని లేదు. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా, గర్భిణులకు కూడా, ప్రాణం పోతున్నప్పుడు వేయవచ్చు. అలవాటయ్యే మందు కూడా కాదు. డాక్టరు చదువు లేని మనిషి చేతిలో పెట్టగలిగినంత భద్రమైన మందులు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

దీన్ని తయారు చేసినవాళ్లలో జాక్ ఫిష్‌మన్ ఒకరు. పోలండ్‌లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని, చిన్నతనం షాంఘైలో గడిపి అమెరికా చేరిన రసాయన శాస్త్రవేత్త. 1961లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1971లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. 2003లో ఆయన భార్య కొడుకు హెరాయిన్ ఓవర్‌డోస్‌తో చనిపోయాడు. మందు కనిపెట్టినాయన కుటుంబానికే అది సమయానికి అందలేదు. అప్పట్లో అది ఆస్పత్రుల్లో, అంబులెన్సుల్లో ఉండే మందు. 1996లో షికాగోలో డాన్ బిగ్ అనే ఆయన, ఆయన సంస్థ, డ్రగ్స్ వాడేవాళ్ల చేతికే దాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వం ఆ మాట గట్టిగా అనడానికి ఇంకో 22 ఏళ్లు పట్టింది. 2018 ఏప్రిల్‌లో అప్పటి సర్జన్ జనరల్ (అమెరికా ప్రభుత్వ ముఖ్య ప్రజారోగ్య వైద్యుడు) జెరోమ్ ఆడమ్స్, మామూలు జనం కూడా నాలోక్సోన్ దగ్గర పెట్టుకోవాలని దేశమంతటికీ సూచన ఇచ్చారు. 2023 మార్చి 29న నార్కాన్ 4 మిల్లీగ్రాముల స్ప్రేను మందు చీటీ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆ సెప్టెంబరు నుంచి అది దుకాణాల అరల్లోకి వచ్చింది.

ఒకటో మెట్టు: సంపాదించడం

సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ లాంటి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొన్నిచోట్ల దొంగతనం భయంతో అద్దాల అరలో పెట్టి తాళం వేస్తారు, కొన్నిచోట్ల ఫార్మసీ కౌంటర్ వెనక ఉంచుతారు. అరలో లేకపోతే వెనక్కి తిరిగిపోకుండా ఫార్మసిస్టును "నార్కాన్ ఉందా" అని అడగండి. ఎవరికి, ఎందుకు అని చెప్పాల్సిన పని లేదు. తలనొప్పి మాత్ర కొన్నట్టే కొనవచ్చు.

రెండు స్ప్రేలున్న పెట్టె నార్కాన్ బ్రాండులో సుమారు 45 డాలర్లు. ఇతర కంపెనీలవి ఇంకా తక్కువకు వస్తున్నాయి. కాలిఫోర్నియా ప్రభుత్వం కాల్‌ఆర్‌ఎక్స్ పేరుతో రెండు స్ప్రేల పెట్టెను 24 డాలర్లకు అందిస్తోంది. లాభాపేక్ష లేని ఒక సంస్థ తెచ్చిన రివైవ్ అనే 3 మిల్లీగ్రాముల స్ప్రేకు కూడా 2023 జులైలో అనుమతి వచ్చింది. బ్రాండు గురించి బుర్ర పాడుచేసుకోకండి. చేతికి అందింది కొనండి.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరుకుతుందేమో చూడండి. కౌంటీ ఆరోగ్య శాఖలు చాలాచోట్ల ఉచితంగా ఇస్తాయి, కొన్ని లైబ్రరీల్లో ఉంటుంది, కొన్ని ఊళ్లలో వెండింగ్ మెషిన్లో పెట్టారు. విద్యార్థులైతే ముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో అడగండి. కాలిఫోర్నియాలో 2022లో వచ్చిన చట్టం ప్రకారం స్టేట్ యూనివర్సిటీ, కమ్యూనిటీ కాలేజీ క్యాంపస్‌లు నాలోక్సోన్ అందుబాటులో ఉంచాలి. మీ కౌంటీ పేరు, "ఫ్రీ నాలోక్సోన్" అని వెతికితే సాధారణంగా మొదటి పేజీలోనే దారి దొరుకుతుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు డాక్టరుతో చీటీ రాయించుకుంటే చాలా ప్లాన్లలో తక్కువకే వస్తుంది.

కెనడాలో ఒంటారియో, ఆల్బర్టా లాంటి రాష్ట్రాల్లో ఫార్మసీల్లోనే ఉచిత కిట్లు ఇస్తారు. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి, పథకంలో చేరిన ఫార్మసీల్లో చీటీ లేకుండా ఉచితం. అక్కడున్న మనవాళ్లు వెళ్లి అడిగితే చాలు.

రెండో మెట్టు: ఎక్కడ పెట్టాలి

పర్సులో, ల్యాప్‌టాప్ బ్యాగు బయటి జేబులో, ఇంట్లో అందరికీ కనిపించే అరలో. తాళం వేసిన బీరువాలో పెడితే కొన్నది వృథా. ఓవర్‌డోస్ జరిగినప్పుడు తాళంచెవి వెతికే సమయం ఉండదు.

కారులో వదిలేయకండి. 25 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచమని పెట్టె మీద ఉంటుంది, కొద్దికాలం 40 డిగ్రీల దాకా ఫర్వాలేదు. డాలస్‌లో, ఫీనిక్స్‌లో జులై మధ్యాహ్నం మూసిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. మిన్నియాపోలిస్ చలికాలంలో సమస్య తిరగబడుతుంది, మందు గడ్డకడితే స్ప్రే రాదు. రోజూ కారులో తిరిగేవాళ్లు బ్యాగులో పెట్టుకుని దిగేటప్పుడు తీసుకెళ్లడం మంచిది. విమానంలో చేతి సామానులో తీసుకెళ్లవచ్చు.

పెట్టె మీద గడువు తేదీ చూసి ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. 2024 జనవరిలో ఎఫ్‌డీఏ కొత్తగా తయారయ్యే నార్కాన్ 4 మిల్లీగ్రాముల స్ప్రే గడువును మూడేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచింది. గడువు దాటినదాన్ని మార్చుకోవాలి. కానీ మనిషి ఊపిరి ఆగి ఉన్నప్పుడు చేతిలో గడువు దాటినది తప్ప ఇంకేదీ లేకపోతే, అదే వేయండి.

ఒక హెచ్చరిక. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కి చూడకండి. ఒక్కో స్ప్రేలో ఉండేది ఒకే ఒక్క మోతాదు. నొక్కితే అయిపోయినట్టే.

మూడో మెట్టు: గుర్తుపట్టడం

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎందుకంటే చాలా ప్రాణాలు పోయేది ఇక్కడే. "తాగి పడుకున్నాడు, గురక పెడుతున్నాడు, పొద్దున లేస్తాడులే" అని దుప్పటి కప్పి తలుపేసుకుంటారు. ఓవర్‌డోస్ గురక మామూలు గురక కాదు. గొంతులో నీళ్లు చేరినట్టు గరగరమంటుంది, ఒకటి వచ్చాక చాలాసేపు రెండోది రాదు. ఊపిరితిత్తులకు గాలి అందక వచ్చే శబ్దం అది.

చూడాల్సినవి మూడు. పిలిచినా తట్టినా లేవకపోవడం. ఊపిరి చాలా నెమ్మదిగా ఉండటం, లేదా అసలు లేకపోవడం. కనుపాపలు గుండుసూది మొనంత చిన్నవైపోవడం. కనుపాపలు చిన్నగా లేకపోయినా మొదటి రెండూ ఉంటే చాలు, ఆగకండి. వేరే మందులు కలిసి ఉంటే కనుపాపలు మామూలుగానే కనిపించవచ్చు.

పుస్తకాల్లో పెదాలు నీలంగా మారతాయని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ నీలం కనిపించదు. బూడిద పూసినట్టు, పాలిపోయినట్టు కనిపిస్తుంది. కింది పెదవి లాగి లోపలి వైపు చూడండి, చిగుళ్లు చూడండి, గోళ్ల కింద చూడండి. అక్కడ రంగు మారితే తెలుస్తుంది.

లేపి చూడటానికి ముందు పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజాలు కుదపండి. లేవకపోతే పిడికిలి బిగించి వేళ్ల కణుపులతో ఛాతీ మధ్య ఎముక మీద గట్టిగా రుద్దండి. చాలా నొప్పి పుడుతుంది, మామూలు నిద్రలో ఉన్నవాడు తిట్టుకుంటూ లేస్తాడు. దానికీ కదలకపోతే నిద్ర కాదు. మొహం మీద నీళ్లు కొట్టడం, చన్నీళ్ల స్నానం చేయించడం, మజ్జిగ తాగించడం, వాంతి చేయించడం, ఇవేవీ చేయకండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాలుగో మెట్టు: 911, స్ప్రే, రెండూ ఒకేసారి

ఇద్దరుంటే ఒకరు ఫోన్, ఒకరు స్ప్రే. ఒక్కరే ఉంటే 911 నొక్కి స్పీకర్లో పెట్టి ఫోన్ నేల మీద ఉంచండి, చేతులు ఖాళీగా ఉంటాయి. ముందు అడ్రస్ చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబరు, గేటు కోడ్‌తో సహా. ఫోన్ మధ్యలో కట్ అయినా వాళ్లు రాగలగాలి. తర్వాత "నాట్ బ్రీదింగ్, నాట్ వేకింగ్ అప్" అంటే చాలు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్లకు ఈ రెండు ముక్కలు, అడ్రస్ నేర్పండి, ఫ్రిజ్ మీద తెలుగు అక్షరాల్లో రాసి అంటించండి. "తెలుగు" అని పదేపదే అంటే ఫోన్లోనే దుబాసీని కలిపే ఏర్పాటు చాలా 911 కేంద్రాల్లో ఉంది.

స్ప్రే వేయడం ఇలా. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. మెడ కింద ఒక చెయ్యి పెట్టి తల కొంచెం వెనక్కి వంచండి. ప్యాకెట్ వెనక రేకు చించి స్ప్రే బయటకు తీయండి. బొటనవేలు అడుగున ఉన్న మీట మీద, చూపుడువేలు, మధ్యవేలు ముక్కులో పెట్టే గొట్టానికి అటూ ఇటూ. గొట్టాన్ని ఒక ముక్కు రంధ్రంలో, మీ రెండు వేళ్లు అతని ముక్కుకు తగిలేదాకా లోపలికి పెట్టండి. బొటనవేలితో మీటను ఒక్క ఊపున గట్టిగా నొక్కండి. అంతే, బయటకు తీసేయండి. అతను పీల్చాల్సిన పని లేదు, ముక్కు లోపలి చర్మమే మందును లాక్కుంటుంది.

నాకు మొదటిసారి లైబ్రరీలో నేర్పినప్పుడు ఖాళీ డబ్బా మీద నొక్కి చూశాను. మీట కొంచెం గట్టిగానే ఉంటుంది. నెమ్మదిగా నొక్కితే సగంలో ఆగిపోతామేమోనన్న భయం వేస్తుంది. జంకకుండా చివరిదాకా నొక్కాలి.

ఐదో మెట్టు: ఊపిరి ఊదడం

స్ప్రే పనిచేయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో మెదడుకు ప్రాణవాయువు కావాలి. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, నోట్లో వాంతి, చూయింగ్ గమ్ లాంటివి ఉంటే తీసేసి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఐదు సెకన్లకు ఒక ఊపిరి ఊదండి. ఊదినప్పుడు ఛాతీ లేవాలి. లేవకపోతే తల ఇంకొంచెం వంచండి. నోరు పెట్టడానికి భయపడేవాళ్లకు ప్లాస్టిక్ తెర మాస్కులు దొరుకుతాయి, నార్కాన్ పెట్టెతో పాటు ఒకటి ఉంచుకుంటే సరిపోతుంది. గుండె కొట్టుకోవడం లేదనిపిస్తే, లేదా ఏం చేయాలో అర్థం కాకపోతే, 911లో ఉన్న మనిషి చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. వాళ్లు లెక్క పెడుతూ మీతోనే ఉంటారు.

ఆరో మెట్టు: రెండో స్ప్రే

రెండు మూడు నిమిషాలు గడిచినా లేవకపోతే, ఊపిరి రాకపోతే, రెండో స్ప్రే రెండో ముక్కు రంధ్రంలో. గడియారం చూడండి. టెన్షన్‌లో 30 సెకన్లు కూడా పది నిమిషాల్లా అనిపిస్తాయి, తొందరపడి రెండూ వెంటవెంటనే వేసేస్తారు. మన లక్ష్యం అతను లేచి మాట్లాడటం కాదు, ఊపిరి పీల్చడం. ఊపిరి సరిగ్గా వస్తుంటే మత్తుగానే ఉన్నా రెండోది ఆపి కనిపెట్టుకుని ఉండవచ్చు.

ఇప్పుడు చాలాచోట్ల ఫెంటనిల్‌లో జైలజీన్ అనే పశువుల మత్తుమందు కలుపుతున్నారు. అది ఓపియాయిడ్ కాదు, దాని మీద నాలోక్సోన్ పనిచేయదు. అందుకే స్ప్రే వేశాక ఊపిరి వచ్చినా మనిషి లేవకపోవచ్చు. అయినా స్ప్రే వేయాల్సిందే, ఎందుకంటే దానితో పాటు ఫెంటనిల్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఏడో మెట్టు: లేచిన తర్వాత

ఊపిరి వచ్చాక ఒక పక్కకు ఒత్తిగిలించండి. పై కాలు మోకాలు దగ్గర మడిచి ముందుకు పెడితే బోర్లా దొర్లకుండా ఉంటాడు, పై చెయ్యి చెంప కింద పెట్టండి. వాంతి వచ్చినా గొంతుకు అడ్డం పడదు.

కళ్లు తెరిచిన మనిషి మీకు దండం పెడతాడని ఎదురుచూడకండి. రోజూ వాడే మనిషికి ఒంట్లోని మత్తంతా ఒక్కసారిగా దిగిపోతుంది. వణుకు, చెమటలు, వాంతులు, ఒళ్లంతా నొప్పులు, కోపం. ఏం జరిగిందో అతనికి తెలియదు. కొంచెం దూరంగా కూర్చుని నెమ్మదిగా చెప్పండి: నీకు ఊపిరి ఆగిపోయింది, నేను నార్కాన్ వేశాను, అంబులెన్స్ వస్తోంది, నేను ఇక్కడే ఉంటాను. అతను బయటికి పోతానంటాడు, బాధ తగ్గడానికి మళ్లీ తీసుకుంటానంటాడు. తీసుకుంటే ఇప్పుడు మత్తు ఎక్కదని, నార్కాన్ దిగాక రెండింతల ప్రమాదమని చెప్పి ఆపండి. తిట్లు, ప్రశ్నలు, అమ్మానాన్నలకు ఫోన్లు ఆ రాత్రికి వద్దు.

మనవాళ్లు నన్ను అడిగే భయాలు

వీసా సంగతి. నార్కాన్ కొనడం, దగ్గర పెట్టుకోవడం, వేయడం నేరం కాదు. మంచి మనసుతో నాలోక్సోన్ వేసినవాళ్లకు దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టం రక్షణ ఉంది. 911కి ఫోన్ చేసినవాళ్లను, ఓవర్‌డోస్ అయిన మనిషిని చిన్న మొత్తం డ్రగ్ కేసుల నుంచి కాపాడే గుడ్ సమారిటన్ చట్టాలు కూడా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. కానీ అవి ఒకేలా ఉండవు, కొన్నిచోట్ల మినహాయింపులు చాలా ఎక్కువ. పైగా అవి రాష్ట్ర చట్టాలు, ఇమిగ్రేషన్ కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కాబట్టి మీ రాష్ట్ర చట్టం ఏమంటుందో ఇవాళ, ఖాళీగా ఉన్నప్పుడు చదివి పెట్టుకోండి. ఆ క్షణం వచ్చినప్పుడు మాత్రం ఫోన్ చేయడమే. వీసా పోతే ఇంటికి వెళ్తాం. ఊపిరి పోయిన కుర్రాడిని ఇంటికి ఎలా పంపాలో ఇక్కడి తెలుగు సంఘాల వాళ్లను అడగండి.

అంబులెన్స్ బిల్లు. భయం నిజమైనదే, వేల డాలర్లు రావచ్చు. బిల్లు వచ్చాక తగ్గించమని అడగవచ్చు, వాయిదాల్లో కట్టవచ్చు, ఆస్పత్రుల ఆర్థిక సాయానికి దరఖాస్తు చేయవచ్చు. ఇవన్నీ తర్వాత చేయగలిగే పనులు.

ముట్టుకుంటే మనకూ ఎక్కుతుందా? ఎక్కదు. ఫెంటనిల్ పొడి చేతికి అంటినంత మాత్రాన ఓవర్‌డోస్ కాదని అమెరికన్ టాక్సికాలజీ వైద్యుల సంఘం 2017లోనే స్పష్టంగా చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. ఈ భయంతో ఊపిరి ఊదకుండా నిలబడిపోకండి.

మందు దగ్గర ఉంటే ఇంకా ధైర్యంగా వాడతారు కదా, అని పెద్దవాళ్లు అడుగుతారు. పైన చెప్పిన ఆ వణుకు, వాంతులు ఒక్కసారి చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. ఆ బాధ కోసం ఎవరూ ఎక్కువ తీసుకోరు. మసాచుసెట్స్‌లోని 19 ఊళ్లలో 2002 నుంచి 2009 వరకు జరిగినదాన్ని పరిశీలించిన అధ్యయనం 2013లో వచ్చింది. నాలోక్సోన్ పంచి, వాడటం నేర్పిన ఊళ్లలో ఓపియాయిడ్ మరణాల రేటు, అలా చేయని చోట్లతో పోలిస్తే 27 శాతం తక్కువ, ఎక్కువ మందికి నేర్పిన చోట 46 శాతం తక్కువ.

ఇంట్లో ఉన్న మందుల సంచి

డ్రగ్స్ అనగానే బయటి మనిషి గుర్తొస్తాడు. మన ఇంట్లోనే ఓపియాయిడ్లు ఉంటాయి. జ్ఞానదంతం తీశాక ఇచ్చిన హైడ్రోకోడోన్, మోకాలి ఆపరేషన్ తర్వాత మిగిలిన ఆక్సికోడోన్, ఇండియా నుంచి అమ్మానాన్నలు తెచ్చుకున్న సంచిలో ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు. పెద్దవాళ్లు నొప్పి తగ్గలేదని రెండు వేసుకుంటారు, దాని మీద నిద్రమాత్ర వేసుకుంటారు. ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. రెండేళ్ల మనవడికి తాతగారి మాత్రలు చాక్లెట్లలా కనిపిస్తాయి. ట్రమడాల్‌తో ఫిట్స్ కూడా రావచ్చు, అయినా ఊపిరి ఆగుతున్నప్పుడు స్ప్రే వేయాల్సిందే. మిగిలినవాటిని ఫార్మసీల్లో ఉండే పాత మందుల డబ్బాల్లో వేసేయండి. డీఈఏ ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో సేకరణ రోజు కూడా పెడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఓపియాయిడ్ మందు రాస్తే, దాంతో పాటే నాలోక్సోన్ కూడా రాయమని డాక్టరును అడగండి.

ఇండియాకు వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అక్కడ నాలోక్సోన్ ప్రధానంగా ఆస్పత్రుల్లో వేసే ఇంజెక్షన్, అమెరికాలో లాగా అరలో స్ప్రే దొరుకుతుందని అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అయితే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఊపిరి ఊదుతూ ఉండాలి.

ఆ రాత్రి తర్వాత

బతికిన మనిషికి వైద్యం ఉంది. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు మళ్లీ ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ఇంతకుముందు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. ఆ నిబంధనను 2022 డిసెంబరులో వచ్చిన చట్టంతో తీసేశారు. మామూలు ఫ్యామిలీ డాక్టరు కూడా రాయవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1-800-662-4357, రోజంతా పనిచేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. కావాలని ఎక్కువ మింగి ఉంటారన్న అనుమానం ఉంటే 988, అది ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే నంబరు.

స్ప్రే వేసిన మనిషికి కూడా నిద్ర పట్టదు. ఆ చేతులు కొన్నాళ్లు వణుకుతాయి. యూనివర్సిటీ కౌన్సిలింగ్‌కు వెళ్లండి, నమ్మకమైన ఒక్కరితోనైనా చెప్పుకోండి.

పెట్టె కొన్న రోజు రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లందరికీ, రూమ్మేట్లకీ చూపించండి. ప్యాకెట్ చించకుండానే గొట్టం ఎటు, మీట ఎటు, ఎక్కడ పెడుతున్నాం, అన్నది ఒక్కొక్కరి చేత చెప్పించండి. ఐదు నిమిషాల పని. తర్వాత బీపీ మిషను పక్కన పెట్టేయండి.